మొక్కు మనది, కాళ్లు వాళ్లవి

శివరాత్రికి నాలుగైదు రోజుల ముందు నల్లమల అడవిదారిలో, నాగలూటి వీరభద్రస్వామి గుడి దగ్గర ఒక పూట కూర్చుంటే మీకు తప్పకుండా కనబడే దృశ్యం ఒకటుంది. ఆరేడేళ్ల పిల్లవాడు తలమీద చిన్న మూటతో తండ్రి వెనకాల నడిచివస్తూంటాడు. పెదవులు ఎండిపోయి ఉంటాయి. అడుగు ఒకవైపుకు ఒరుగుతూ ఉంటుంది. నోట మాట ఉండదు. చుట్టూ ఉన్న పెద్దలు ఆగి, చేతులు జోడించి, "పసివాడికి ఎంత భక్తో చూడండి! ఒక్కసారైనా కాలు నొప్పి అన్నాడా?" అని మెచ్చుకుంటారు. తండ్రి ముఖం వికసిస్తుంది. పిల్లవాడు మరికాస్త బిగదీసుకొని నడుస్తాడు.

నా తగాదా ఆ మెచ్చుకోలుతోనే. అక్కడ మనం మెచ్చుకుంటున్నది భక్తిని అనుకుంటున్నాం. నిజానికి మెచ్చుకుంటున్నది ఆ పిల్లవాడి మౌనాన్ని. నొప్పిని పెద్దల దగ్గర దాచడం ఒక సద్గుణమని వాడికి నేర్పుతున్నాం, అదీ దేవుడి పేరు చెప్పి. ఈ టపా కొందరు మిత్రులకు కటువుగా తోచవచ్చు. కానీ ఇందులో నేను మొట్టమొదట నిలబెడుతున్న ముద్దాయిని నేనే కనుక మన్నిస్తారని ఆశిస్తున్నాను.

దారి తెలియనివారి కోసం రెండు మాటలు. నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరే కాలిబాట ఇది. నలభై కిలోమీటర్లకు పైచిలుకు ఉంటుంది. ఘాట్ రోడ్లు పడకముందు రాయలసీమవారూ కన్నడిగులూ మల్లన్న దగ్గరికి చేరిన పాతదారులలో ఇదొకటి. కొండవీటి రెడ్డిరాజు ప్రోలయ వేముడు పదునాలుగవ శతాబ్దంలో శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చరిత్ర. శివరాత్రికి మనవాళ్లు, ఉగాదికి కన్నడ భక్తులు వేలాదిగా ఈ బాట పడతారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి, ఆమెకు చీరె, సారె మోసుకొంటూ ఉత్తర కర్ణాటకం నుంచి వందల కిలోమీటర్లు నడిచివచ్చేవారున్నారు. అందరి నోటా "చేదుకో మల్లన్నా" అన్న ఒకటే కేక. బావిలోనుంచి నీళ్లు చేదుకున్నట్టు తమను పైకి చేదుకొమ్మని వేడుకోలు.

2018 శివరాత్రికి మా అబ్బాయిని ఈ దారిన నడిపించాను. అప్పటికి వాడికి ఏడేళ్లు. వాడు ఏడాది నిండని పసికందుగా ఉన్నప్పుడు న్యుమోనియా వచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ తొమ్మిది రోజుల్లో ఒక రాత్రి నేను మల్లన్నకు మొక్కుకున్నాను: వీడు దక్కితే, వీడి కాళ్లతో వీడినే నీ కొండకు నడిపించుకొని వస్తాను అని. వాడు దక్కాడు. నేను మాట నిలబెట్టుకోవాలనుకున్నాను. ఇంతవరకు ఏ తండ్రికైనా అర్థమయ్యే విషయమే.

నాగలూటి దాకా వాడు ఆడుతూ పాడుతూ వచ్చాడు. రాతిమెట్లు మొదలయ్యాక మాటలు తగ్గాయి. పెచ్చెరువులో రాత్రి మజిలీ చేసినప్పుడు మేజోళ్లు విప్పుకోకుండానే పడుకున్నాడు. అలసిపోయాడనుకున్నాను. మర్నాడు భీమునికొలను లోయలోకి దిగి, అవతలి కొండ ఎక్కాం. దారిపొడుగునా మెచ్చుకోళ్లే. అన్నదానం చేసేచోట ఒకాయన వాడి కాళ్లకు దండం కూడా పెట్టాడు. కైలాసద్వారం దగ్గర కూర్చోబెట్టి బూట్లు విప్పితే రెండు మడమల దగ్గరా మేజోడు నెత్తురుతో చర్మానికి అంటుకుపోయి ఉంది. ముందురోజు మధ్యాహ్నం లేచిన బొబ్బలవి. తప్పు నాదే. ప్రయాణం కోసమని కొత్త బూట్లు కొని తొడిగించాను.

"ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెప్తే ఆగిపోతాం కదా నాన్నా. నీ మొక్కు పోతుంది" అన్నాడు.

ఆ మాట విన్నాక కూడా కొందరు బంధువులు దానిని గొప్ప భక్తికథగా చెప్పుకున్నారు. మా మేనత్త అయితే ఇప్పటికీ పెళ్లిళ్లలో చెబుతుంది. నాకు మాత్రం ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేస్తుంది. వాడి ప్రాణం కోసం మొక్కిన మొక్కు వాడి ఒంటికంటె పెద్దదైపోయింది. ఆ సంగతి నేను వాడికి నోటితో చెప్పలేదు. ప్రతి మజిలీలోనూ "ఇంకెంతో లేదు", "వీరుడివి కదా", "మన మొక్కు కదా" అంటూ వచ్చాను. వాడికి అర్థమైంది అదే.

ఇప్పుడు వాదానికి వస్తాను. పిల్లలతో పాదయాత్ర అనగానే రెండు వర్గాలవారు ఎదురవుతారు. మొదటివారు పిల్లల్ని ఆ దారిన తీసుకువెళ్లడమే క్రూరమంటారు. రెండవవారు తీసుకువెళ్లాక మధ్యలో ఆగడం పాపమంటారు. చూడటానికి ఎదురుబొదురు వాదాలు. అయినా రెండింటిలోనూ పిల్లవాణ్ణి అడిగిన పాపాన పోయినవారు లేరు.

మొదటివారికి నా సమాధానం. క్రూరం నడకలో లేదు. మా అబ్బాయి ఆ ప్రయాణంలో చూసినవి నేను మరో విధంగా చూపించలేను. పెచ్చెరువు దగ్గర విద్యుద్దీపం లేని ఆకాశం చూశాడు. ముక్కూమొహం తెలియని వాళ్లు పిలిచి మజ్జిగ పోయడం చూశాడు. మోదుగ పూచి ఉండగా అడవి ఆకురాల్చుతుందని కాళ్లకింద చప్పుడు విని తెలుసుకున్నాడు. ఈ అడవిలో మనుషులు కాపురముంటారని, వారిని చెంచులంటారని, మల్లన్నను వాళ్లు తమ ఇంటి అల్లుడంటారని విన్నాడు. కారులో ఘాట్ రోడ్డెక్కి, వరుసలో నిలబడి, దర్శనమై, భోజనం చేసి తిరిగివచ్చిన పిల్లలకు శ్రీశైలం ఒక రద్దీగానే గుర్తుంటుంది. నడిచిన పిల్లవాడికి అది ఒక దేశం. కాబట్టి ప్రమాదముందని దారినే మూసేయమంటే నేను ఒప్పుకోను.

ప్రమాదం లేదనీ అనను. తిరుమల నడకదారిలో 2023 జూన్‌లో మూడేళ్ల బాలుణ్ణి చిరుత నోటకరచుకొనిపోయింది. అదృష్టవశాత్తు వాడు బతికాడు. అదే ఏడు ఆగస్టులో ఆరేళ్ల పాప బతకలేదు. అప్పుడు ఆ కన్నవారినే వేలెత్తి చూపిన నోళ్లు కొన్ని ఉన్నాయి. లక్షలమంది ఎక్కే మెట్లు ఎక్కినందుకు వారిని నిందించడం అమానుషం. ఆ ఘటన తరువాత పదిహేనేళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక నడకదారిలోకి పంపరాదని దేవస్థానం నిబంధన పెట్టింది. పెద్దలకు చేతికర్రలిచ్చారు, గుంపులుగా పంపారు. నేను ఇక్కడ గమనించమంటున్నది ఒక్కటే. శతాబ్దాల నాటి దారి కూడా పిల్లల కోసం తన వేళలు మార్చుకుంది. దారి మార్చుకోగలిగినప్పుడు మన మొక్కు మార్చుకోలేదా? నల్లమల పెద్దపులుల అభయారణ్యమన్న సంగతి ఇక్కడ మళ్లీ చెప్పనక్కరలేదు.

ఇక రెండవవారు. వీరి తూణీరంలో మూడు బాణాలుంటాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది ధ్రువుడు. అయిదేళ్ల పిల్లవాడు అడవికి పోయి తపస్సు చేయలేదా అంటారు. చేశాడు. కానీ ఎవరు పంపితే వెళ్లాడు? తండ్రి ఒడిలో చోటు దక్కక, సవతితల్లి మాటకు నొచ్చుకొని, తానై వెళ్లాడు. ఆ తరువాత నారదుడు వచ్చినప్పుడు ఉత్తానపాదుడు ఏమన్నాడో భాగవతం చతుర్థ స్కంధంలో చూడండి. నా కొడుకు భక్తుడయ్యాడని పొంగిపోలేదు. దిక్కులేని పసివాణ్ణి అడవిలో తోడేళ్లు తినివేస్తాయేమోనని కుమిలిపోయాడు. అంటే ఆ కథలో తండ్రికి వచ్చిన బుద్ధి భయం, పశ్చాత్తాపం. మన కథల్లో తండ్రి పక్కనే నడుస్తూ చప్పట్లు కొడుతున్నాడు. పోలిక ఎక్కడ కుదిరింది?

అన్నమయ్యనూ ఇలాగే వాడుకుంటారు. ఎనిమిదేళ్ల వయసులో తాళ్లపాక నుంచి యాత్రికుల గుంపు వెంట తిరుమలకు నడిచిపోయాడు కదా అంటారు. నిజమే, ఆయన మనుమడు చిన్నన్న వ్రాసిన చరిత్ర అలాగే చెబుతుంది. అయితే మోకాళ్ల పర్వతం దగ్గర ఏం జరిగిందో కూడా ఆ చరిత్రే చెబుతుంది. ఆకలికి, అలసటకు తాళలేక పిల్లవాడు పడిపోయాడు. అప్పుడు అలమేలుమంగ ముత్తైదువ రూపంలో వచ్చి ఏం చేసింది? "ఇంకెంతో లేదు, లేచి నడువు" అనలేదు. చెప్పులు విప్పుకొమ్మన్నది, ప్రసాదం పెట్టి ఆకలి తీర్చింది. పాటలూ పదాలూ తరువాత వచ్చాయి. ముందు అన్నం వచ్చింది. అమ్మవారికి తోచింది మనకు తోచడం లేదు.

రెండవ బాణం పాపం. మొక్కు మధ్యలో ఆపితే కీడు జరుగుతుందని, అది పిల్లవాడికే తగులుతుందని. ఈ మాట చెప్పి భయపెట్టేవారు మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యుడి కథ చదవాలి. చిన్ననాట పురుగులను పుల్లతో పొడిచిన దోషానికి తనకు శూలదండన పడిందని యమధర్మరాజు చెబితే ఆ ముని మండిపడ్డాడు. తెలియని వయసులో చేసినదానికి అంత శిక్షా అని యమునికే శాపమిచ్చాడు. విదురుడి పుట్టుక అలా సంభవించింది. అంతటితో ఊరుకోక, పదునాలుగేళ్ల వయసు వరకు చేసినది పాపం కాదని లోకానికి ఒక కట్టడి చేశాడు. సాక్షాత్తు యముడే తలవంచిన కట్టడి అది. ఉపనయనానికి పూర్వం పిల్లలకు ఆచారనియమాలు పట్టవని ధర్మసూత్రాలూ చెబుతున్నాయి. చేసిన పనికే పాపం అంటని పిల్లవాడికి, తాను మొక్కని మొక్కు చెల్లనందుకు పాపం అంటుతుందా? అంటుతుందని చెప్పేవారు ఏ శాస్త్రంలో ఉందో చూపాలి.

మూడవది పుణ్యం. కాలితో నడిస్తేనే ఫలమంటారు. అలా అనేవారికి నేను ఏనుగుల వీరాస్వామయ్యగారిని చూపిస్తాను. తెలుగులో కాశీయాత్ర అనగానే గుర్తొచ్చేది ఆయన పేరే. 1830లో చెన్నపట్నంలో బయలుదేరి 1831లో తిరిగివచ్చారు. దోవలో ఆత్మకూరు మీదుగా ఈ నల్లమల దాటి శ్రీశైలమూ సేవించారు. 1838లో అచ్చయిన ఆ యాత్రాచరిత్రలో ఏ మజిలీలో నీళ్లున్నాయి, ఎక్కడ సామాను దొరుకుతుంది, ఎక్కడ దిగడానికి వసతి ఉంది అన్న వివరాలు పుటపుటా కనబడతాయి. ఆయన ప్రయాణం ప్రధానంగా పల్లకిలో, బోయీల భుజాలమీద సాగింది. అంతమాత్రాన ఆయనకు కాశీఫలం దక్కలేదని ఇన్నేళ్లలో ఎవరూ అనగా నేను వినలేదు. నడివయసు పెద్దమనిషికి పల్లకి తప్పు కానప్పుడు, ఆరేళ్ల పిల్లకు తండ్రి భుజం ఎలా తప్పవుతుంది?

ఇవి కాక, శాస్త్రాల జోలికి పోని నాలుగో వాదం ఒకటుంది: "కష్టపెట్టకపోతే పిల్లలు సుకుమారులైపోతారు." దీనికి కొంత విలువ ఇస్తాను. నడక కొంచెం కష్టంగా ఉండాలి. ఆకలి వేయాలి, కాళ్లు లాగాలి. కానీ ఏ కష్టం ఓర్చుకోదగినది, ఏది ప్రమాదం అన్నది పిల్లవాడికి తెలియదు. చిన్న శరీరం ఎండకు పెద్ద శరీరంకంటె తొందరగా వేడెక్కుతుంది. ఆటలో పడ్డ పిల్లలకు దాహం వేసినట్టే తోచదు, తోచేసరికి ఆలస్యమవుతుంది. శివరాత్రినాటికి నల్లమలలో చెట్లు ఆకురాల్చి నీడ పలచబడుతుంది, ఉగాదినాటికి రాయి కాలుతుంది. ఇంత చేసి, అలాంటిచోట "నాకు చాతకావడం లేదు" అని నోరు విప్పి చెప్పడమే పిల్లలకు అన్నిటికంటె కష్టమైన పని. అందరూ మెచ్చుకుంటూండగా ఆ మాట అనగలిగిన పిల్ల సుకుమారి ఎలా అవుతుంది? పెద్దవాళ్లమైన మనలో ఎందరికి ఆ గుండె ఉంది?

2025 శివరాత్రికి మళ్లీ వెళ్లాం. ఈసారి మా అమ్మాయి కూడా. దానికి ఆరేళ్లు. అబ్బాయికి పద్నాలుగు. ఈ మారు మొక్కేమీ లేదు. పాత బూట్లు, తెల్లవారకముందే బయలుదేరడం, అరగంటకొకసారి అడిగినా అడగకపోయినా నీళ్లు, ఇవి మాత్రం నియమాలు. నాగలూటి దగ్గర అమ్మాయి ఒక బండమీద కూర్చొని, "నాన్నా, నాకు చాలు" అంది. నేను నోరు తెరిచేలోపే అబ్బాయి దాని పక్కన మోకాళ్లమీద కూర్చొని, బూటు విప్పి, మడమ చూశాడు. బొబ్బ లేదు. ఎర్రబడిందంతే. వాడు తలెత్తి నా వంక చూశాడు. ఆ చూపులో 2018 ఉంది. వీరభద్రుడికి దండం పెట్టుకొని, దానిని వంతులవారీగా మోసుకొంటూ వెంకటాపురం తిరిగివచ్చాం. బస్సులో శ్రీశైలం చేరి, అందరితోపాటు వరుసలో నిలబడి మల్లన్నను చూశాం.

ఊరు చేరేసరికి కబురు ముందే చేరింది. "ఏమిరా, సగం దారిలో ఇడిసిపెట్టి వచ్చినావంట? ఆడపిల్ల మాట ఇని దేవునికాడికి నడ్సడం మానుకుంటారా?" అన్నాడు మా పెద్దనాయన. ఆయన మంచివాడు. ఈ దారిన ముప్పైసార్లకు తక్కువ కాకుండా నడిచాడు. ఆయనకు ఆనాడు ఎదురు చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు వ్రాస్తున్నాను. పెద్దనాయనా, ఆ పిల్ల మాట విన్నందుకే, వచ్చే ఏడు ఎక్కడినుంచి మొదలుపెడదామని అదే అడుగుతోంది. అబ్బాయి ఏడేళ్లపాటు ఆ దారి పేరెత్తలేదు. ఈ రెంటిలో ఏది మల్లన్నకు దగ్గరో మీరే చెప్పండి.

కాబట్టి నేను కోరుతున్నది పెద్ద విప్లవమేమీ కాదు. పిల్లల కాళ్లను పెట్టుబడిగా పెట్టి మొక్కకండి. మొక్కదలిస్తే మీ తల, మీ కాళ్లు, మీ ధనం ఉన్నాయి. ఇదివరకే మొక్కి ఉంటే, వాళ్లను భుజాన వేసుకొని చెల్లించండి. దూరాన్ని బయలుదేరేముందు నిర్ణయించకండి, గుంపులో అందరికంటె చిన్నవారి అడుగును బట్టి మజిలీ నిర్ణయించండి. అన్నదాన శిబిరాలు నడిపే పుణ్యాత్ములకు ఒక మనవి. దారినపోయే పసివాడి కాళ్లకు దండం పెట్టడానికి బదులు ఒకసారి వాడి బూట్లు విప్పించి చూడండి. యాత్ర ఏర్పాట్లు చూసే అధికారులకు మరొక మనవి. వాహనం చేరగల మజిలీలలో పిల్లలతో వెనుదిరిగే కుటుంబాలకు ఒక బండి ఉంచండి, ఉందని గట్టిగా చాటించండి. వెనుదిరగడానికి దారి ఉందని తెలిస్తే చాలామంది తండ్రులు ముందే ఆగుతారు. నేనూ ఆగేవాణ్ణేమో.

ఆగనని మొండికెత్తే పిల్లలూ ఉంటారు, వారి ఉత్సాహాన్ని ఏం చేయమంటావని ఎవరైనా అడగవచ్చు. నడవనివ్వండి. కాని మీ మొక్కు గురించి వారి ముందు ఎత్తకండి. ఎత్తితే వారి కాలు గురించి వారు మీతో నిజం చెప్పరు. నాకు ఇది వాడి మడమ చూశాక తెలిసింది. మీకు ఈ టపా చదివి తెలిస్తే చాలు.